షెఫీల్డ్ సీసాలో చింతపండు: హెండర్సన్స్ రెలిష్‌తో ఆరేళ్ళు

ఇది ఒక సాస్ సీసా గురించిన రివ్యూ. రెండు మూడు పౌండ్ల మధ్య దొరికే సీసాకి ఇంత రాత అవసరమా అని మా ఆయన అడిగాడు. ఆయన ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆరేళ్ళుగా ఉన్నా ఇంట్లోంచే పనిచేసే మనిషి. మా ల్యాబ్ వాళ్ళతో ఒక్కసారి మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఉంటే ఆ మాట అడిగేవాడు కాదు.

సీసా పేరు హెండర్సన్స్ రెలిష్. ఊళ్ళో అందరూ 'హెండోస్' అంటారు. నారింజ రంగు లేబుల్, 284 మిల్లీలీటర్ల గాజు సీసా, లోపల నీళ్ళంత పల్చగా నల్లటి ద్రవం. ఈ 284 ఏం లెక్కో అని నేనూ మొదట్లో తల గోక్కున్నాను. సరిగ్గా అర పైంటు (పైంటు ఇక్కడి కొలత), అంతే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హెన్రీ హెండర్సన్ అనే ఆయన షెఫీల్డ్‌లో మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆ ఊళ్ళోనే తయారవుతోంది. యూనివర్సిటీ పక్కన, లీవీగ్రీవ్ రోడ్డులో వాళ్ళ పాత ఫ్యాక్టరీ భవనం చూస్తే ఇంత చిన్న చోట ఊరందరికీ సరిపడా ఎలా చేశారా అనిపిస్తుంది. చుట్టూ పెద్ద పెద్ద ఆసుపత్రి, కాలేజీ భవనాలు, మధ్యలో ఇరుక్కుని ఇది. ఈ ఊళ్ళో వెడ్‌నెస్‌డే, యునైటెడ్ అని రెండు ఫుట్‌బాల్ జట్లున్నాయి. ఆ రెండింటి అభిమానులకి ఒకరంటే ఒకరికి పడదు. ఈ సీసా దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

నాకు ఇది పరిచయమైంది ఒక తగాదాలో.

మా ల్యాబ్‌లో ఓ పద్ధతి ఉంది. నెలకోసారి గురువారం ఎవరో ఒకరు ఇంటి నుంచి పెద్ద ట్రేలో ఏదైనా వండి తెస్తారు, మిగతావాళ్ళం తింటాం. నేను చేరిన మొదటి చలికాలం. బయట మూడున్నరకే చీకటి పడుతోంది. ఆ గురువారం లివర్‌పూల్ నుంచి వచ్చినాయన వంతు. కింద కీమా, పైన మెదిపిన బంగాళాదుంప, దాని మీద కరిగి బుడగలొచ్చిన చీజ్. "షెపర్డ్స్ పై తెచ్చాను" అన్నాడు. మా సీనియర్ షెఫీల్డ్‌లోనే పుట్టి పెరిగిన పెద్దాయన. చెంచాతో ఓ మూల కదిపి చూసి, "ఇది బీఫ్ కదయ్యా. గొర్రె లేని చోట గొర్రెల కాపరికి ఏం పని? దీన్ని కాటేజ్ పై అంటారు" అన్నాడు. లివర్‌పూల్ ఆయన తగ్గలేదు. "మా అమ్మ నలభై ఏళ్ళు దీన్ని షెపర్డ్స్ పై అనే పెట్టింది. వెళ్ళి ఆవిడకి చెప్పండి" అన్నాడు. వూస్టర్ నుంచి వచ్చిన అమ్మాయి, ల్యాబ్‌లో అందరికంటే చిన్నది, నెమ్మదిగా అందుకుంది: "పైన చీజ్ వేశారుగా, అప్పుడు రెండూ కాదు, కంబర్లాండ్ పై." దానికి మళ్ళీ సీనియర్: "కంబర్లాండ్ అంటే బ్రెడ్ పొడి కూడా ఉండాలి. ఎక్కడుంది పొడి?"

ట్రే చల్లారిపోతోంది. ఎవరూ తినట్లేదు.

నేను బీఫ్ తినను. ఆ మాట చెప్తే ఇంకో గొడవ అవుతుందేమోనని కాస్త టెన్షన్ పడ్డాను. చెప్పగానే ముగ్గురూ ఒకేసారి నావైపు తిరిగి, "అయితే నీకు పక్షపాతం ఉండదు, నువ్వే తీర్పు చెప్పు" అన్నారు. తినలేని వంటకి జడ్జిని చేశారు నన్ను.

నేను ఊరికే ఉండే రకం కాదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. కాటేజ్ పై అన్న పేరు 1791 నాటికే ఉంది, జేమ్స్ వుడ్‌ఫర్డ్ అనే పల్లెటూరి పాస్టర్ తన డైరీలో రాసుకున్నాడు. షెపర్డ్స్ పై అన్న పేరు రాతల్లో కనిపించేది పందొమ్మిదో శతాబ్దం నడిమిలో. పైగా అప్పట్లో రెండు పేర్లనూ ఒకదాని బదులు ఒకటి వాడేవారు, ఏ మాంసం అన్న పట్టింపు లేదు. ఇంకో సంగతి, అసలు ఈ వంట పచ్చి కీమాతో మొదలవ్వనేలేదు. ఆదివారం కాల్చిన మాంసం మిగిలితే సోమవారం దాన్ని సన్నగా తరిగి, పైన బంగాళాదుంప కప్పి వేడి చేసుకునేవారు. మిగిలిపోయినదాన్ని మళ్ళీ భోజనం చేసే ఉపాయం. మనం రాత్రి అన్నాన్ని పొద్దున పులిహోర చేసినట్టు.

మర్నాడు వెళ్ళి, "మీ ముగ్గురూ తప్పే. పచ్చి కీమాతో చేశారంటేనే పాత లెక్కలో అది అసలైనది కాదు" అని తీర్పు చెప్పాను. ముగ్గురూ కలిసి నామీద పడ్డారు. అప్పటిదాకా లేని ఐకమత్యం.

అయినా తీర్పు సంగతి తరవాత. ముందు రోజు ఆ ట్రే దగ్గరే సీనియర్ బీరువాలోంచి నారింజ లేబుల్ సీసా తీసి, తన పళ్ళెంలోని 'పై' మీద గుండ్రంగా నాలుగు చుట్లు పోసుకున్నారు. నా పళ్ళెంలో ఉత్త బఠాణీలు, ఎవరో జాలిపడి విడిగా పెట్టిన కాస్త మాష్ (మెదిపిన బంగాళాదుంప) ఉన్నాయి. "దీంట్లో మాంసం లేదు లవ్, చేప కూడా లేదు. మాష్ మీద పోసుకుని చూడు" అన్నారు. (ఇక్కడ 'లవ్' అంటే ఏమీ లేదు, మనం 'అమ్మా' అన్నట్టు. బస్సు డ్రైవర్ కూడా అంటాడు.)

పోసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాను. రెండో ముద్దకి ఆగిపోయాను.

ఇది నాకు తెలిసిన రుచి. ముందు వెనిగర్ ముక్కుకి తగులుతుంది. దాని వెనకాల తీపి. ఆ తీపి వెనకాల, నాలుక పక్కలకి వెళ్ళి కూర్చునే పులుపు ఒకటి ఉంటుంది చూడండి, నిమ్మకాయకీ వెనిగర్‌కీ ఉండనిది. చివర్లో లవంగం. సీసా తిప్పి లేబుల్ చదివాను. చక్కెర, వెనిగర్, ఉప్పు, రంగుకి క్యారమెల్, మిరప, లవంగాలు, వెల్లుల్లి నూనె. మధ్యలో, ఎంతో మామూలుగా, చింతపండు.

ఇది సీనియర్‌కి చెప్తే ఆయన, "అలాగా, అది పండా? నేను కళ్ళతో ఎప్పుడూ చూడలేదు" అన్నారు. అరవై ఏళ్ళుగా రోజూ తింటున్న మనిషి. తరవాతి వారం నేను ఇంటి నుంచి గింజలతో ఉన్న చింతపండు ముద్ద చిన్న డబ్బాలో పట్టుకెళ్ళి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఓ పోగు నోట్లో వేసుకుని మొహం చిట్లించి, "ఆఁ, ఇదే" అన్నారు.

వూస్టర్ అమ్మాయికి ఇదంతా నచ్చలేదు. వాళ్ళ ఊరి సాస్ మాట ఎవరూ ఎత్తలేదని. లీ అండ్ పెరిన్స్ వాళ్ళ వూస్టర్‌షర్ సాస్ వాళ్ళ ఊళ్ళోనే పుట్టింది, 1837 నుంచి అమ్ముతున్నారు. ఆ పేరు రాసేదొకటి పలికేదొకటి. రాసినట్టు చదివితే నవ్వుతారు, 'వూస్టర్ సాస్' అంటే సరిపోతుంది. బెంగాల్ నుంచి తిరిగొచ్చిన ఒక దొర అక్కడ తిన్న రుచి కావాలని ఇద్దరు మందుల షాపు వాళ్ళతో కలిపించాడట, బాగా రాలేదని పీపా నేలమాళిగలో పడేశారట, కొన్నాళ్ళ తరవాత తీసి చూస్తే అద్భుతంగా ఉందట. కథ బాగుంది కానీ కథే, దానికి గట్టి ఆధారం లేదు. ఆ అమ్మాయి మాత్రం మా తాతగారే ఆ పీపా మూత తీశారన్నంత నమ్మకంగా చెప్తుంది.

రెండింటికీ తేడా ఏమిటని అడిగేవాళ్ళకి నా సమాధానం: నెత్తళ్ళు. వూస్టర్ సాస్‌లో ఆంకోవీలు ఉంటాయి, అంటే మన నెత్తళ్ళ జాతి చిన్న చేపలే. మొలాసిస్ ఉంటుంది, ఉల్లి వెల్లుల్లి ఉంటాయి, ఇక్కడ అమ్మేదాంట్లో బార్లీ నుంచి తీసిన వెనిగర్ ఉంటుంది. హెండోస్‌లో చేప లేదు, గ్లూటెన్ లేదు. శాకాహారులు ఇక్కడికి వచ్చి హోటల్లో చీజ్ టోస్ట్ సురక్షితం అనుకుని తినేస్తుంటారు. దాని మీద చిలకరించింది ఏ సీసాలోదో అడగాలి. మా స్నేహితురాలొకావిడకి నాలుగేళ్ళ తరవాత తెలిసింది. పాపం, ఇప్పటికీ ఆ మాటెత్తితే మొహం అదోలా పెడుతుంది.

అసలు పోటీ పెట్టింది నా వంతు గురువారం వచ్చినప్పుడు. మా ఇంట్లో బీఫ్ ఉండదు కాబట్టి గొర్రె కీమా, అంటే నాది తిరుగులేని షెపర్డ్స్ పై, పేరు మీద ఎవరికీ నోరెత్తే వీలు లేదు. అర కిలో కీమా రెండు బాణళ్ళలో సగం సగం. రెండింట్లోనూ ఒకే కొలతలో ఉల్లిపాయ, క్యారెట్, ఓ చెంచా టొమాటో పేస్ట్, వేడినీళ్ళలో కరిగించిన స్టాక్. ఒక బాణట్లో మూడు చెంచాల వూస్టర్ సాస్, రెండో దాంట్లో మూడు చెంచాల హెండోస్. ఇరవై నిమిషాలు సన్నసెగ మీద మగ్గించి, ఒకే ట్రేలో చెరో పక్కన పోశాను. పైన మాష్. ఏ పక్క ఏదో నాకు ఒక్కదానికే తెలియాలి కదా, అందుకని ఫోర్క్‌తో ఎడమవైపు అడ్డగీతలు, కుడివైపు నిలువుగీతలు గీశాను. మామూలుగా ఆ గీతలు గీసేది ఇంకో పనికి, గట్లు పైకి లేచి ఓవెన్‌లో అంచులు కరకరలాడతాయి. 200 డిగ్రీల దగ్గర అరగంట.

మాష్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. పొడిపొడిగా ఉడికే దుంప కావాలి, మారిస్ పైపర్ లేదా కింగ్ ఎడ్వర్డ్. చల్లటి నీళ్ళలో వేసి ఉడకబెట్టాలి, వార్చాక అదే గిన్నెలో రెండు నిమిషాలు ఆవిరి పోనివ్వాలి, పాలు వేడిగా పోయాలి. తడి మాష్ కీమా మీద పడితే రెండూ కలిసి జావైపోతాయి. మా సీనియర్ గారి భార్య దీంట్లో ఆవాల పొడి కలుపుతుందట. లివర్‌పూల్ ఆయన గుడ్డు సొన వేస్తాడు. ఈ విషయం మీద ఒక గురువారం మొత్తం పోయింది, దాన్ని ఇక్కడ విప్పను.

ఫలితం నేను అనుకున్నట్టు రాలేదు. నేను హెండోస్ మనిషిని అయిపోయాను కాబట్టి అదే గెలుస్తుందనుకున్నాను. ఉడికిన కీమాలో మాత్రం వూస్టర్ సాస్ పక్కే బాగుంది. నెత్తళ్ళు కరిగి మాంసానికి ఓ బరువు తెచ్చాయి, గ్రేవీ గుండ్రంగా, నిండుగా ఉంది. హెండోస్ పక్కన ఏమైందంటే, ఇరవై నిమిషాల ఉడుకులో వెనిగర్ ఘాటు కాస్తా ఆవిరైపోయి, తీపీ లవంగమూ మిగిలాయి. బాగానే ఉంది, కానీ ఎవరో బిరియానీ మసాలా పొరపాటున పడేశారేమో అనిపించేలా. సీనియర్ ఒక్క ముద్ద తిని, "నిలువు గీతల వైపు మనది, పాపం" అన్నారు. ఆ 'పాపం' ఆయన నోటి నుంచి వచ్చిందంటే నేను ఎంత బాధపెట్టానో మీకు అర్థమై ఉండాలి.

తరవాత ఆయనే సీసా తీసి వూస్టర్ పక్కన వడ్డించుకున్నదాని మీద పచ్చి హెండోస్ పోసుకున్నారు. నేనూ పోసుకున్నాను. అదీ సంగతి! వేడి వేడి పై మీద చల్లటి సాస్, వెనిగర్ ఆవిరి ముక్కుకెక్కుతుంది, మాష్ గట్ల మధ్య గాడుల్లోకి దిగుతుంది, కొవ్వుని కోసేస్తుంది. దీన్ని పొయ్యి మీద పెట్టకూడదు. పప్పులో ఆఖర్న నిమ్మకాయ పిండినట్టు పళ్ళెంలోనే వాడాలి. కుండలో వూస్టర్, పళ్ళెంలో హెండోస్ అని నేను ప్రకటించాను. వూస్టర్ అమ్మాయి సగం గెలిచానని ఒప్పుకుంది. సీనియర్ ఒప్పుకోలేదు, "రెండు సీసాలు కొనేంత డబ్బు ఎవరికుంది" అని గొణిగారు. ఆయన బీరువాలో ఆరు సీసాలున్నాయని ఆయన భార్యే ఓసారి చెప్పింది.

మా అత్తయ్య వచ్చి మూడు నెలలున్నప్పుడు ఇంకో పాఠం నేర్చుకున్నాను. అత్తయ్య పూర్తి శాకాహారి, వెల్లుల్లి మాత్రం తింటారు. ఆవిడకి ఈ దేశపు తిండి ఒకటైనా తినిపించాలని నా పట్టుదల. కీమా బదులు తొక్కతో ఉన్న మసూర్లతో ఇదే పై చేస్తారిక్కడ, దానికి షెపర్డెస్ పై అని ముద్దుపేరు. చేద్దామని మసూర్లు, క్యారెట్లు, డబ్బా టొమాటోలు, ఒక అర గ్లాసు హెండోస్ అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి మూత పెట్టాను. చేప లేదుగా అన్న ధైర్యంతో చెయ్యి జారింది. నలభై నిమిషాలు అయింది, గంట అయింది, మసూర్లు గులకరాళ్ళు. అత్తయ్య వంటింట్లోకి తొంగి చూసి, "ఏమ్మా, పప్పు ఉడక్కముందే పులుపు పోశావా?" అన్నారు. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి. కందిపప్పు ఉడకనిదే చింతపండు రసం పోయమే! పులుపు తగిలితే గింజనీ కూరగాయనీ పట్టి ఉంచే పెక్టిన్ కరగనని మొండికేస్తుంది. ఇంగ్లిష్ లేబుల్ ఉన్న సీసా చేతిలో ఉంటే మన వంట మర్చిపోతాం కాబోలు.

రెండోసారి మసూర్లు, క్యారెట్లు మెత్తబడ్డాక టొమాటో, రెలిష్ వేశాను. కుదిరింది. నేను మాంసానికి చెప్పిన తీర్పు ఇక్కడ చెల్లదని కూడా అప్పుడే తెలిసింది. మాంసం లేని కూరకి ఆ లవంగం, ఆ చింతపండు లోపల కూడా కావాలి, లేకపోతే చప్పగా ఉంటుంది. అత్తయ్య రెండుసార్లు వడ్డించుకున్నారు. "చారుపొడి వేయని చారులా ఉందమ్మా మీ సాసు" అన్నారు. ఆ కంపెనీ వాళ్ళు లేబుల్ మీద వేసుకోదగ్గ మాట. వెళ్ళేటప్పుడు బట్టల మధ్య చుట్టి ఒక సీసా పట్టుకెళ్ళారు కూడా. చింతచెట్టున్న పెరట్లోకి షెఫీల్డ్ చింతపండు.

ఇక ఏదీ వండే ఓపిక లేని రాత్రికి, రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన పొద్దుటికి, చీజ్ ఆన్ టోస్ట్. ఈ సీసాకి ఇంతకన్నా మంచి జోడీ లేదని నా అభిప్రాయం. రొట్టె ముందు ఒక వైపే గ్రిల్ కింద కాల్చాలి. తిప్పి, కాలని వైపు ఘాటైన చెడ్డార్ తురుము అంచులదాకా పరచాలి, అంచులు వదిలేస్తే మాడతాయి. చీజ్ పొంగి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు రాగానే తీసి, కత్తి మొనతో పైపైన అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టాలి. అప్పుడు సాస్. గాట్లలోకి దిగి, చీజ్ కింద రొట్టెకి పడుతుంది. గాట్లు పెట్టకుండా పోస్తే జారి పళ్ళెంలో పడుతుంది, నూనె కాగితం మీద వాన పడినట్టు. గ్రిల్‌కి ముందే పోయాలనే వాళ్ళున్నారు, మా లివర్‌పూల్ ఆయన వాళ్ళలో ఒకడు. అతని టోస్ట్ చూశాను. చక్కెర మాడి నల్లబడింది. అతనికి అలాగే ఇష్టమట, సరే.

పక్కింటి పెద్దావిడ దగ్గర యార్క్‌షర్ పుడ్డింగ్ నేర్చుకున్నాను. పుడ్డింగ్ అంటే తీపి కాదు, పిండి, గుడ్లు, పాలు కలిపిన జారు, మసిలే కొవ్వులో పోస్తే గిన్నెలా పొంగుతుంది. నాలుగు అంగుళాల ఎత్తు లేనిది యార్క్‌షర్ పుడ్డింగే కాదని 2008లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ చెప్పింది. శాస్త్రవేత్తలు కూడా ఈ తగాదాల్లోకి దిగుతారన్నమాట. ఆవిడ గుడ్లు, పాలు, పిండి మూడూ ఒకే గ్లాసు కొలతలో తీసుకుంటుంది, ఓవెన్ తలుపు మధ్యలో తీస్తే చెయ్యి మీద కొడుతుంది. మాంసం రాకముందే, ఉల్లిపాయ గ్రేవీతో ముందుగా ఇదే వడ్డిస్తుంది. పూర్వం కడుపు దీంతో నింపేస్తే ఖరీదైన మాంసం తక్కువ పడుతుందని లెక్క. ఆవిడ పోసే కొవ్వు బీఫ్ డ్రిప్పింగ్, నా కోసం మాత్రం విడిగా వంటనూనెతో చేస్తుంది. ఆ ఉల్లి గ్రేవీలో ఆఖర్న ఒక చెంచా హెండోస్ వేసి చూశాను. ఆవిడ ఏమీ అనలేదు, గరిట లాక్కుని తన గిన్నె దూరంగా జరుపుకుంది.

కొవ్వు మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళకి ఒక హెచ్చరిక: యార్క్‌షర్‌లో చాలా ఫిష్ అండ్ చిప్స్ షాపులు చేపతో పాటు చిప్స్ కూడా బీఫ్ డ్రిప్పింగ్‌లోనే వేయిస్తాయి. ఉత్త చిప్సే కదా అని తినకండి, కౌంటర్ దగ్గర అడగండి, ఏమీ అనుకోరు. చిప్స్ మీద హెండోస్ పోసుకునేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది. నాకది నచ్చదు. పల్చటి సాస్ చిప్స్‌ని నిమిషంలో మెత్తబరుస్తుంది. వాటికి ఉప్పు, మామూలు మాల్ట్ వెనిగర్ చాలు.

ఫిర్యాదులు ఉన్నాయా అంటే, ఉన్నాయి. బాగా పల్చన కావడం వల్ల ఆకలి మీద సీసా వంచితే పళ్ళెంలో చెరువవుతుంది. తీపి నా నోటికి పిసరంత ఎక్కువ. గాజు సీసా కాబట్టి బ్యాగులో వేసుకుని తిరగలేం. షెఫీల్డ్‌లో అయితే మూల కొట్టులో కూడా దొరుకుతుంది కానీ, దక్షిణాన స్నేహితుల ఇళ్ళకి వెళ్ళినప్పుడు రెండు మూడు షాపులు వెతికినా కనపడలేదు. అక్కడ అడిగితే, వూస్టర్ సాస్ కావాలా అంటారు. ఈ మాట మా సీనియర్‌కి చెప్పకండి.

ఉప్మాలో వేయకండి, నేను వేశాను. దోశ మీద ఫర్వాలేదు. ఆమ్లెట్‌లో చాలా బాగుంటుంది.

పోయిన నెల లివర్‌పూల్ ఆయన నా కోసమని ప్రత్యేకంగా మాంసం లేకుండా స్కౌస్ చేసి తెచ్చాడు. బంగాళాదుంపలు, క్యారెట్లు, ఉల్లిపాయలు చెదిరేదాకా ఉడికించిన కూర. మాంసం లేకపోతే 'బ్లైండ్ స్కౌస్' అంటారు, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో వండుకునేది. పక్కన వెనిగర్‌లో ఊరిన ఎర్ర క్యాబేజీ. నిజంగా చాలా బాగుంది. నేను అలవాటుగా హెండోస్ అందుకున్నాను. అతను నా చెయ్యి ఆపి, "స్కౌస్‌కి బ్రౌన్ సాస్ తప్ప ఇంకోటి పోయడానికి వీల్లేదు" అని తన సంచిలోంచి హెచ్‌పీ సీసా తీశాడు. వూస్టర్ అమ్మాయి తన సీసా తెచ్చి పెట్టింది. బల్ల మీద మూడు సీసాలు, ముగ్గురు మనుషులు, ఎవరి సీసా వెనక వాళ్ళు.

నేను హెచ్‌పీ సీసా తీసుకుని వెనక్కి తిప్పాను. టొమాటోలు, మాల్ట్ వెనిగర్, మొలాసిస్, ఖర్జూరాలు, ఇంకాస్త కిందికి వస్తే, చింతపండు. మూడింట్లోనూ. మూడు సీసాలూ లేబుల్ నావైపు ఉండేలా వరసగా పెట్టి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చూపించాను. "మీరు ఆరేళ్ళుగా నా ముందు కొట్టుకుంటున్నది మా వంటింటి డబ్బాలోది" అన్నాను. పైగా హెచ్‌పీ లేబుల్ మీద బ్రిటిష్ పార్లమెంటు బొమ్మ ఉంటుంది కానీ తయారయ్యేది 2007 నుంచి నెదర్లాండ్స్‌లో. అది కూడా చెప్పాను, లివర్‌పూల్ ఆయన మొహం వాడిపోయింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సీనియర్ తన సీసా దగ్గరికి లాక్కుని, స్కౌస్ మీద నాలుగు చుట్లు పోసుకుంటూ, "మీవాళ్ళు పండించి ఉండొచ్చు లవ్. సరైన సీసాలో పోసింది మేము" అన్నారు.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ తీపి కోసం అర తగ్గించాను. రేపు గురువారం మళ్ళీ నా వంతు, ఈసారి టోడ్ ఇన్ ద హోల్, అంటే యార్క్‌షర్ పుడ్డింగ్ జారులో సాసేజ్‌లు పెట్టి కాల్చేది. చికెన్ సాసేజ్‌లతో చేస్తానని చెప్పగానే, అది టోడ్ ఇన్ ద హోల్ ఎలా అవుతుందని అప్పుడే మొదలైంది.